తర్వాత ఏమైంది? డిజైన్ సిలబస్ తయారుచేసే పెద్దలకు ఒక విద్యార్థిని బహిరంగ లేఖ

తెలుగు రాష్ట్రాల్లోని డిజైన్, ఫైన్ ఆర్ట్స్ కాలేజీల్లో ఇలస్ట్రేషన్ సిలబస్ తయారుచేసే కమిటీ సభ్యులకు, మాకు పాఠాలు చెప్పే సార్లకు, మేడమ్‌లకు నమస్కారం.

నేను డిజైన్ ఫైనల్ ఇయర్ చదువుతున్నాను. మాది జనగామ దగ్గర ఊరు. ఎవరి మీదా కోపంతో ఈ లేఖ రాయడం లేదు. ఈ నాలుగేళ్లలో మీరు నాకు చాలా నేర్పారు. ఒక్కటి మాత్రం, బొమ్మతో కథ చెప్పడం, నేర్పకుండానే డిగ్రీ చేతికి ఇస్తున్నారు. నా తర్వాత వచ్చే పిల్లలకైనా అది అందాలని రాస్తున్నాను.

మూడో సంవత్సరం జ్యూరీకి, అంటే మా పని చూసి ప్రశ్నలడిగి మార్కులు వేసే పరీక్షకు, నేనొక బొమ్మ వేశాను. వానలో బస్టాప్, బెంచీ మీద స్కూల్ యూనిఫాంలో ఒక పాప. తడిసిన రోడ్డు మీద ట్యూబ్‌లైట్ వెలుగు, రేకుల అంచున వేలాడే నీటిబొట్లు, పాప జడలో రిబ్బన్ ముడి, అన్నీ మూడు వారాలు కూర్చుని వేశాను. ఫైల్లో 46 లేయర్లు, అంటే ఒకదాని మీద ఒకటి పరిచిన బొమ్మ పొరలు, ఉన్నాయి. బయటి కాలేజీ నుంచి వచ్చిన ఎగ్జామినర్ మేడమ్ చాలాసేపు చూశారు. లైటింగ్ బాగా వచ్చిందన్నారు. తర్వాత మామూలుగా, నొప్పించే ఉద్దేశం ఏమీ లేకుండా, "ఈ పాప ఎవరి కోసం చూస్తోంది? తర్వాత ఏమవుతుంది?" అని అడిగారు.

నేను నీళ్లు నమిలాను. ఆ పాప ఎవరి కోసమూ చూడటం లేదు. వాన ఎఫెక్ట్ కొత్తగా నేర్చుకున్నాను కాబట్టి వాన వేశాను. వాన ఉంది కాబట్టి బస్టాప్ వేశాను. బస్టాప్ ఖాళీగా ఉంటే బాగోదని పాపను కూర్చోబెట్టాను. ఆ జ్యూరీలో నాకు మంచి మార్కులే వచ్చాయి. ఆ రాత్రి నిద్ర పట్టకపోవడానికి అదే కారణం. కథే లేని బొమ్మకు మంచి మార్కులు వస్తే, ఇంక కథ ఎవరికి కావాలి?

అప్పటిదాకా జరిగిన డిజిటల్ ఇలస్ట్రేషన్ క్లాసుల నోట్సు తీసి చూసుకున్నాను. పెన్ టూల్, మాస్కులు, బ్రష్ సెట్టింగులు, బ్లెండింగ్ మోడ్లు ఉన్నాయి. తెర మీద రంగు ఆర్‌జీబీలో, ప్రింటులో సీఎంవైకేలో ఎందుకుంటుందో ఉంది. ప్రింటుకు 300 డీపీఐ, కటింగ్ కోసం చుట్టూ అదనంగా వదిలే 3 మిల్లీమీటర్ల బ్లీడ్ అని ఉంది. ఇవన్నీ అవసరమే. బ్లీడ్ వదలకుండా ఫైలు పంపిస్తే ప్రెస్ వాళ్లు ఎట్లా తిరగ్గొడతారో నాకు అనుభవమే. కానీ ఒక సంఘటన తర్వాత ఇంకో సంఘటన ఎట్లా పెట్టాలి, దేన్ని చూపించాలి, దేన్ని దాచాలి, చూసేవాడి కన్ను ముందు ఎక్కడ పడి తర్వాత ఎక్కడికి పోవాలి అన్నది కోర్సులోని ఎనిమిది సెమిస్టర్ల సిలబస్ మొత్తంలో కలిపి రెండు వారాలు. ఆ రెండు వారాల్లో కూడా ముప్పై సెకన్ల యాడ్ ఫిల్మ్‌కు స్టోరీబోర్డు ఫార్మాట్ ఎట్లా నింపాలో చెప్పారు.

సాఫ్ట్‌వేర్ ముఖ్యం కాదని నేను అనను. అది ఐప్యాడ్ ఉన్నవాళ్లు సులువుగా అనగలిగే మాట. ఫస్ట్ ఇయర్‌లో మా క్లాసులో ఐప్యాడ్ ఉన్నవాళ్లు ప్రోక్రియేట్ యాప్‌లో వేస్తుంటే, మిగతావాళ్లం ల్యాబ్‌లో తెర లేని పెన్ ట్యాబ్లెట్ల మీద వేశాం. చెయ్యి కింద పలక మీద కదులుతుంది, గీత పైన మానిటర్‌లో పడుతుంది. చేతిని చూడకుండా గీయడం అలవాటయ్యేసరికి నాకు రెండు నెలలు పట్టింది. ఆ రెండు నెలలూ నాకు బొమ్మలు వేయడమే రాదేమో అని ఒకటే టెన్షన్. ల్యాబ్ ఐదింటికి తాళం పడేది. సెకండ్ ఇయర్‌లో సెకండ్‌హ్యాండ్ లాప్‌టాప్ కొనుక్కుని క్రిటా అనే బొమ్మల సాఫ్ట్‌వేర్ వేసుకున్నాక ఊపిరి పీల్చుకున్నాను. అది పూర్తిగా ఉచితం. పుస్తకాలకు, కామిక్స్‌కు కావలసినవన్నీ అందులో ఉన్నాయి. కానీ అసైన్‌మెంట్ ఫలానా కంపెనీ ఫైలు రూపంలోనే ఇవ్వాలని నిబంధన ఉండేది. ఎక్కడా ఆ నిబంధన పెట్టకండి. ల్యాబ్ రాత్రి తొమ్మిది దాకా తెరిచి ఉంచండి. పరికరం గురించి నేను అడిగేది ఇంతే, మిగతాదంతా కథ గురించే.

లేయర్లు అర్థం కావడానికి మా బ్యాచ్‌లో చాలామందికి మూడు నాలుగు క్లాసులు పట్టాయి. సెలవులకు ఇంటికెళ్లినప్పుడు అమ్మ పని చూస్తూ కూర్చున్నాను. అమ్మ మగ్గం వర్క్ చేస్తుంది. బటర్ పేపర్ మీద డిజైన్ గీసి, గీత వెంబడే సూదితో సన్నగా చిల్లులు పొడుస్తుంది. ఆ పేపర్ని బ్లౌజు గుడ్డ మీద పరిచి, కిరోసిన్‌లో కలిపిన తెల్ల పొడిని గుడ్డ ముక్కతో రుద్దుతుంది. పేపర్ తీస్తే గుడ్డ మీద చుక్కల్లో డిజైన్ దిగి ఉంటుంది. రెండో చేతికి కొత్తగా గీయదు, అదే పేపర్ని బోర్లా తిప్పి వేస్తుంది. నేను రోజుకు యాభైసార్లు నొక్కే ఫ్లిప్ హారిజాంటల్ అదే. ఒక పేపర్ మీద తీగ, ఇంకో పేపర్ మీద నెమలి, ఒకదాని మీద ఒకటి పెట్టి నెమలిని అటూ ఇటూ జరిపి చూసుకుంటుంది. తీగ కదలదు. మా అమ్మకు లేయర్లు ఇరవై ఏళ్లుగా తెలుసు. క్లాసులో మొదటి రోజు ఎవరైనా "మీ ఇళ్లల్లో మగ్గం వర్క్ చేసేవాళ్లున్నారా?" అని అడిగి ఉంటే, నాతోపాటు ఇంకో నలుగురికి ఒక్క గంటలో అర్థమయ్యేది. మేము ఖాళీ చేతులతో రావడం లేదు, దయచేసి ఆ చేతుల్లో ఏముందో ముందు అడగండి.

ఇక మా నాయనమ్మ సంగతి. ఆమెకు చదవడం రాదు. జ్యూరీలో జరిగింది చెబితే, తన చిన్నప్పుడు ఊళ్లోకి వచ్చే పటం కథ, అంటే పొడుగాటి గుడ్డ మీద బొమ్మలు చూపిస్తూ పాడే కథ, గురించి చెప్పింది. మేము పద్మశాలీలం. మా కులానికి మార్కండేయ పురాణం చెప్పేది కూనపులి వాళ్లు. చేర్యాల ఊరి నకాషీ చిత్రకారులు వేసిన పటాన్ని కట్టి, తామర తూళ్ల నుంచి నూలు తీసిన భావనారుషి కథ పాడుతూ చెప్పేవాళ్లట. "పటమంత ఒక్కపారే విప్పరు బిడ్డా. కథ యాడిదాక వస్తె ఆడిదాకనే విప్పుతరు. కింద ఏమున్నదో చూద్దామని మేం ముందటికి జరిగితె కసిరేటోళ్లు" అంది.

ఆ ఒక్క మాటతో నాకు మూడేళ్లుగా అర్థం కానిది అర్థమైంది. బొమ్మతో కథ చెప్పడమంటే విప్పడం. ఎంత విప్పాలి, ఎప్పుడు విప్పాలి, ఎక్కడ ఆపాలి. నేను బస్టాప్ బొమ్మలో పటమంతా ఒకేసారి విప్పేశాను, అందులో కథ కూడా లేదు.

ఆ రాత్రి గీతల నోటుబుక్‌లో పెన్సిల్‌తో మళ్లీ మొదలుపెట్టాను. పాప రోడ్డుకు ఇవతల కూర్చుంది. బస్సు వచ్చి అవతల ఆగింది. బస్సు అడ్డం, అందుకే దిగిన మనుషులు కనిపించరు, బస్సు కింది నుంచి కాళ్లు మాత్రమే కనిపిస్తాయి. పాప వంగి ఆ కాళ్లను వెతుకుతోంది. బూట్లు, పట్టీలున్న పాదాలు, బురద అంటిన బోసి కాళ్లు. చివరికి పిన్నీసు పెట్టిన హవాయి చెప్పు. తర్వాతి ప్యానెల్లో, అంటే తర్వాతి గడిలో, బెంచీ ఖాళీ. వేసి నాయనమ్మకు చూపించాను, నోటితో ఒక్క మాట చెప్పలేదు. వేలితో ఒక్కో ప్యానెల్ తాకుతూ చూసి, చెప్పు దగ్గర ఆగి, "ఎవలివి ఇవి?" అంది. నాకు తెలుసు ఎవరివో, చూసేవాళ్లకు ఎట్లా తెలుస్తుంది? అప్పుడు అన్నిటికంటే ముందు ఇంకో ప్యానెల్ పెట్టాను: పొద్దున గడపలో కూర్చుని, నాన్న చెప్పు పట్టీ ఊడితే పాప పిన్నీసు పెడుతోంది. నాన్న మొహం ఎక్కడా వేయలేదు. మర్నాడు మళ్లీ చూపించాను. మొదటి నుంచి చూసుకుంటూ వచ్చి, చెప్పు దగ్గరికి రాగానే, "వాళ్ల నాయిన వచ్చిండు" అంది.

నా చదువు మొత్తంలో నాకు దొరికిన పెద్ద జ్యూరీ అదే. ఆ ప్యానెళ్లలో వాన కూడా లేదు. ఆ నోటుబుక్ మా కాలేజీలో పెడితే వందకు పది మార్కుల్లోకే వస్తుంది, స్కెచ్‌బుక్‌కు మా దగ్గర ఇచ్చేది అంతే. మిగతావన్నీ ఫైనల్ ప్రింటుకు, ప్రెజెంటేషన్‌కు. ఈ లెక్క మార్చమని అడుగుతున్నాను. కథ ఎట్లా పుట్టింది, ఎక్కడ తప్పింది, ఎవరికి చూపించారు, చూసినవాళ్లు ఏమన్నాక ఏం మార్చారు అన్నదానికి సగం మార్కులైనా ఇవ్వండి.

చేర్యాలకు మమ్మల్ని తీసుకెళ్లలేదని కాదు. ఒక రోజు క్రాఫ్ట్ విజిట్ పెట్టారు. గుడ్డకు గంజి, సుద్దమట్టి, ఉడికించిన చింతగింజల గుజ్జు పూసి పూసి ఆరబెట్టడం చూశాం. పెన్సిల్ లేకుండా నేరుగా కుంచెతో గీత వేయడం చూశాం. ఆ గీతకు అన్‌డూ లేదు. ఆ ఎర్రటి నేపథ్యం చూసి అందరం ఫోటోలు తీసుకున్నాం. వెనక్కి వచ్చాక ఇచ్చిన అసైన్‌మెంట్ ఏమిటంటే, చేర్యాల మోటిఫ్‌లతో ఒక టోట్ బ్యాగు, ఒక కాఫీ మగ్గు డిజైన్ చేయడం. నేనూ చేశాను. పటంలోని అంచు పూలు తీసి మగ్గు చుట్టూ తిప్పాను. ఆ పూల పట్టీ పటంలో ఎందుకుందో మాకెవరూ చెప్పలేదు. ఒక ఘట్టాన్ని ఇంకో ఘట్టం నుంచి వేరుచేసేది అదే. ఇప్పటి కామిక్స్‌లో రెండు ప్యానెళ్ల మధ్య వదిలే ఖాళీకి మన దగ్గర పూలు పూశాయి. 40 అడుగులకు పైబడిన పటాలు కూడా ఉండేవి. అంత పొడవున కథ తప్పిపోకుండా, రాత్రిపూట దూరం నుంచి చూసే జనానికి అందేట్టు ఎట్లా పేర్చారు, ఒకే మనిషిని ప్రతి గడిలో ఎట్లా గుర్తుపట్టించారు అన్నది నేర్పితే అది ఒక సెమిస్టర్ పాఠం. మగ్గు మీద పూలు ఒక పూట పని.

అమరావతి శిల్పం విషయంలోనూ ఇట్లాగే జరిగింది. ఆర్ట్ హిస్టరీలో రెండు మార్కుల ప్రశ్న: శాతవాహనుల కాలం, పాలరాతిలాంటి సున్నపురాయి, ప్రస్తుతం ఎక్కడున్నాయి? చెన్నై ప్రభుత్వ మ్యూజియంలో, లండన్ బ్రిటిష్ మ్యూజియంలో. రాసేశాం, మార్కులు వేసుకున్నాం. పోయిన ఏడాది చెన్నై వెళ్లినప్పుడు నళగిరి ఏనుగు శిల్పం ముందు నిలబడ్డాను. ఒకే గుండ్రటి ఫలకం. అందులో ఒకవైపు మదమెక్కిన ఏనుగు వీధిలో జనాన్ని తొక్కుతూ వస్తోంది. మరోవైపు అదే ఏనుగు బుద్ధుడి పాదాల దగ్గర మోకరిల్లి ఉంది. రెండు ఏనుగులు కాదు, ఒకే ఏనుగు రెండు క్షణాల్లో. మధ్యలో గీత లేదు, గడి లేదు. పై అంతస్తు కిటికీల్లోంచి జనం తొంగి చూస్తున్నారు. వాళ్ల కంగారు చూసి మన కళ్లు కూడా కిందికి దిగుతాయి. దాదాపు 1,800 ఏళ్ల కిందట, కృష్ణ ఒడ్డున, ఉలితో ఒకరు "తర్వాత ఏమైంది" అన్న ప్రశ్నకు ఒక్క చక్రంలో జవాబు చెప్పారు. అది హిస్టరీ పేపర్లో ఉంది. ఇలస్ట్రేషన్ క్లాసులో లేదు. ఈ రెండు క్లాసులు పక్క పక్క గదుల్లోనే జరుగుతాయి.

ఇంత వెనక్కి కూడా వెళ్లక్కర్లేదు. 1947 జూలైలో మొదలైన చందమామలో నెల నెలా బేతాళ కథకు చిత్రకారుడు శంకర్ గారు వేసిన బొమ్మ మా నాన్న తరానికి కళ్లకు కట్టినట్టుంటుంది. చేతిలో కత్తి, భుజాన శవం, చుట్టూ శ్మశానం, నడుస్తున్న రాజు. ఆయన 1952లో ఆ పత్రికలో చేరారు. చనిపోయాక 2021లో పద్మశ్రీ ప్రకటించారు. అప్పుడు పేపర్లో చదివేదాకా మా క్లాసులో చాలామందికి ఆయన పేరు తెలియదు. జపాన్ మాంగా కళాకారుల పేర్లు మాత్రం పది చెప్పగలం. అవి నేర్చుకోవడం తప్పు కాదు, నేను కూడా వాటిని చూసే బొమ్మలు వేయడం మొదలుపెట్టాను. ఇంట్లోవాళ్లు తెలియకుండా బయటివాళ్లే తెలియడం గురించే నా బాధ.

తెలుగు అక్షరం గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఇక్కడ మా పని రోజూ ఆగిపోతోంది. మొదటిసారి నా కామిక్ పేజీలో "స్త్రీ" అని టైపు చేస్తే ఒత్తులు విడిపోయి ముక్కలు ముక్కలుగా పడింది. ఫాంట్ పాడైందేమో అనుకుని నాలుగు ఫాంట్లు మార్చాను. సెట్టింగుల్లో వరల్డ్ రెడీ అనే కంపోజర్‌ను ఎంచుకుంటే సరిపోతుందని ఒక సీనియర్ చెప్పేదాకా వారం పోయింది. సరిచేసుకుని యూనికోడ్‌లో పేజీ మొత్తం కట్టి ప్రెస్‌కు తీసుకెళ్తే, వాళ్ల దగ్గర అంతా యూనికోడ్ కాని 'అను' ఫాంట్లు. మాటలన్నీ మళ్లీ టైపు చేయించాను. ఇవి ఒక్క క్లాసులో చెప్పగలిగే విషయాలు.

అసలు చిక్కు మాటల బుడగ లోపల ఉంది. మాకు నేర్పే పద్ధతులన్నీ ఇంగ్లిష్ కోసం పుట్టినవి. ఇంగ్లిష్‌లో నాలుగైదు పొట్టి మాటలుగా విడిపోయేది మనకు "వెళ్లిపోతానన్నావుగా" అని ఒకే మాటగా వస్తుంది. మధ్యలో విరిస్తే ప్రాణం పోతుంది. అందుకని గుండ్రటి బుడగ పనికిరాదు, అడ్డంగా సాగాలి. అడ్డంగా సాగితే పక్కనున్న మనిషి మొహం మీదికి వస్తుంది. అంటే మాటకు చోటు ముందే అనుకుని మనుషుల్ని నిలబెట్టాలి. పైన గుడులు, కింద ఒత్తులు ఉంటాయి కాబట్టి వరుసల మధ్య దూరం ఎక్కువ కావాలి, సాఫ్ట్‌వేర్ దానంతట అది ఇచ్చే దూరం చాలదు. "క్ష్మి" కింది "మ" ఒత్తు కింది వరుసలోని గుడిని తగులుతుంది. నర్సాపురంలో పుట్టిన బాపు గారి చేతిరాత ఫాంటై ఇప్పటికీ పెళ్లి శుభలేఖల మీద కనిపిస్తోంది. అక్షరం కూడా బొమ్మలో భాగమేనని చెప్పడానికి అంతకంటే దగ్గరి ఉదాహరణ ఎవరికి ఉంది? అయినా మా లెటరింగ్ క్లాసు ఎ నుంచి జడ్ దాకానే జరిగింది. ఒక సెమిస్టర్‌లో సగమైనా తెలుగు అక్షరానికి ఇవ్వండి.

కథ తెలుగులో ఆలోచించి జ్యూరీలో ఇంగ్లిష్‌లో చెప్పాల్సి రావడం కూడా చిన్న విషయం కాదు. మా క్లాసులో తెలుగు మీడియం నుంచి వచ్చిన ఒక అబ్బాయి ఉన్నాడు. వాళ్ల తాత గొర్రెల్ని తోలుకుని వలస వెళ్లిన దారి మొత్తం పన్నెండు పేజీల్లో వేశాడు. హాస్టల్లో మాకు చెబుతుంటే అందరం నిద్ర మానుకుని విన్నాం. జ్యూరీలో రెండు వాక్యాలు మాట్లాడి ఆగిపోయాడు. తెలుగులో చెప్పొద్దని ఎవరూ అడ్డుపడలేదు, అడగవచ్చని వాడికి తెలియదు. నిబంధనల్లో ఒక్క వాక్యం రాయండి: విద్యార్థి తన కథను తెలుగులో చెప్పవచ్చు.

ఇప్పుడు ఏఐ వచ్చింది. నేను మూడు వారాలు కూర్చుని వేసిన తడి రోడ్డును అది నిమిషంలో వేసి చూపిస్తోంది. నా జూనియర్లు భయపడుతున్నారు, చదువు మానేద్దామా అని ఇద్దరు నన్ను అడిగారు. వాళ్లకు నేను ఆ పిన్నీసు చెప్పు కథ చెప్పాను. బస్సు కింది నుంచి చూడాలని, నాన్న మొహం వేయకూడదని తేల్చుకోవడానికి నాకు మా నాయనమ్మ కావలసి వచ్చింది. మీరు పైపై మెరుగులకే మార్కులు ఇస్తూ పోతే, ఆ పిల్లల భయం నిజమే అవుతుంది.

వచ్చే విద్యాసంవత్సరానికి సిలబస్ మార్చే అవకాశం మీ చేతుల్లో ఉంటే, మొదటి సెమిస్టర్‌లోనే కథ పెట్టండి. కంప్యూటర్ ముట్టుకోకముందు కాగితం మీద, మాటలు లేకుండా, ఆరు ప్యానెళ్లు. దాన్ని చదువు రాని ఒక మనిషికి చూపించి, వాళ్లేమన్నారో రాసుకురమ్మనండి. చేర్యాల నుంచి నకాషీలను, పటం కథ చెప్పేవాళ్లను, నిమ్మలకుంట నుంచి తోలుబొమ్మల కళాకారులను పిలవండి. ఒక పూట డెమోకు పిలిచి శాలువా కప్పి పంపకండి. గెస్ట్ ఫ్యాకల్టీకి ఇచ్చే జీతం ఇచ్చి, పాఠం చెప్పమని కూర్చోబెట్టండి. ఇలస్ట్రేషన్ టీచరు, ఆర్ట్ హిస్టరీ టీచరు కలిసి నెలకు ఒక్క క్లాసైనా చెప్పండి.

ఆ ఆరు ప్యానెళ్ల అసైన్‌మెంట్ ఎట్లా ఉండాలో నేను నాలుగు పేజీల్లో తెలుగులో రాసిపెట్టాను, మా జూనియర్లు పదకొండు మంది చేసి చూశారు. ఏ కాలేజీ వాళ్లు అడిగినా పంపిస్తాను. ఒక సెలవు రోజు మా ఊరికి వస్తే, ఆ పదకొండు మంది పేజీలూ మా నాయనమ్మ ముందు పరిచి, ఆమె ఎక్కడెక్కడ వేలు ఆపుతుందో మీరే చూడవచ్చు.

ఇట్లు,
మీ విద్యార్థిని